చేప పట్టనివారికి మాత్రమే

ట్రౌట్ అనే చేప మన కొండవాగుల్లో బతకదన్న సంగతి బయటపడేసరికే, దాన్ని పట్టడానికి జనాన్ని తీసుకెళ్ళే పథకం మంజూరైపోయింది. మంజూరైన పథకాన్ని చేప బతకదన్న చిన్న కారణానికి ఆపేసిన దాఖలా కొండవాగుల వినోద వికాస సంస్థ చరిత్రలో లేదు.

ఆ సంస్థ డైరెక్టరు విరూపాక్షం గారు. ఆ ఎండాకాలం ఆయన అధ్యయన యాత్ర పేరుతో ఉత్తరాది మంచుకొండల దాకా వెళ్ళి, గలగలా పారే ఒక చన్నీటి వాగు ఒడ్డున కుర్చీ వేయించుకుని, వెన్నలో వేయించిన ట్రౌట్ చేపని ముల్లు మాత్రమే మిగిలేలా అధ్యయనం చేశారు. తిరిగొచ్చిన మర్నాడే సమావేశం పెట్టి, "మనకి కొండల్లేవా? వాగుల్లేవా? చేపలంటే ప్రాణం పెట్టే ప్రజానీకం లేదా? మరి మన దగ్గర లేనిదేమిటి?" అని గద్దించారు. లేనిది ట్రౌటేనని చెప్పాలని అక్కడ ఒకరిద్దరికి నోటిదాకా వచ్చింది గాని, పదోన్నతుల వ్యవహారం అప్పుడే నలుగుతోంది. అందరూ తలలూపారు.

అలా ఊపిన తలల ఫలితమే పేపర్లో పడిన ప్రకటన. "ఆరంభకులకు అనువైన ట్రౌట్ వేట విహారం. గాలం పట్టడం బొత్తిగా రానివారికి సువర్ణావకాశం. పట్టడం వచ్చినవారు దరఖాస్తు చేయనక్కర్లేదు."

విజయనగరంలో ఒక చిన్న డాబా ఇంటి వరండాలో హైమవతి ఆ ప్రకటనని ఒకసారి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేరి, ఊరందరి మాటల్నీ ఊరందరికీ కలిపి, ఈమధ్యనే రిటైరైంది. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. కోరికలు కూడా పెద్దగా లేవనే అందరూ అనుకునేవారు. ఒకటుంది, ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ చిన్నతనం పాలకొండ దగ్గర, నాగావళి ఒడ్డున గడిచింది. అన్నలు ముగ్గురూ గాలాలు పట్టుకుని ఏటికి పోతుంటే వెనకే పరిగెత్తేది. వాళ్ళు చెప్పులు ఒడ్డున విప్పేసి, "నీళ్ళలో జారిపడతావే. చెప్పులు కుక్కలెత్తుకుపోతాయి, చూస్తుండు" అని చెల్లెల్ని చెప్పుల పక్కన కూర్చోబెట్టి నీళ్ళలోకి దిగేవారు. "ఒక్కసారి నాకియ్యన్నయ్యా" అని అడిగితే "రేపిస్తానే" అనేవారు. హైమవతికి పెళ్ళీడు వచ్చినా ఆ రేపు రాలేదు. చేప తినాలని కాదు ఆవిడ బాధ. తాడు చివర అది లాగినప్పుడు చేతికి ఎలా ఉంటుందో తెలియకుండానే వయసు మళ్ళిపోయిందని.

ముగ్గురన్నల్లోనూ ఇప్పుడు మిగిలింది నడిపివాడు, అప్పలనరసయ్య. ఆర్టీసీ డ్రైవరుగా చేసి దిగిపోయాడు. పక్కవీధిలోనే ఇల్లు. పొద్దున్నే చెల్లెలింటికి వచ్చి, ఆవిడ పెట్టిన కాఫీ తాగి, ఆవిడ వేయించుకునే పేపరు చదివి, ఆ పేపరులో ఏమీ లేదని విసుక్కుని వెళ్ళడం ఆయన దినచర్య.

"ఇదేటే, చేపలు పట్టడం రానోళ్ళని చేపలకి తీసుకెళ్తారంట!" అని ప్రకటన చూసి పగలబడి నవ్వాడు. "గుడ్డోడికి బస్సిచ్చినట్టుంది."

"నేనెళ్తానన్నయ్యా," అంది హైమవతి.

ఆయన నవ్వు ఆపాడు. చెల్లెలి ముఖం చూసి, మిగిలిన కాఫీ తాగాడు. "అయితే నేనూ వస్తాను. నిన్నొక్కద్దాన్నీ కొండలమీదికి పంపుతానేటి? పైగా నేనుంటే నాలుగు చేపలైనా పడతాయి" అన్నాడు.

*

పథకానికి అధికారి పతివాడ గోవర్ధనరావు. మంచివాడు. నోరు తెరిస్తే మాత్రం సర్క్యులర్ వినిపిస్తుంది. దరఖాస్తుతో ఆఫీసుకి వచ్చిన అన్నాచెల్లెళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి, ముందుగా అప్పలనరసయ్య వైపు తిరిగాడు.

"తమరు ఇంతకు పూర్వం మత్స్యగ్రహణ కార్యకలాపంలో పాల్గొనియున్నారా?"

"ఏటి బాబూ?"

"చేపలు పట్టారా అని."

అప్పలనరసయ్య మీసం మీద చెయ్యేశాడు. "నాగావళిలో నేను పట్టని చేప నేదు బాబూ. జెల్లలనీ, వాలుగలనీ, కొర్రమేనులనీ... ఓసారి ఎంత వాలుగ పడిందనుకున్నావు, నేను దాన్ని లాగుతున్నానో అది నన్ను లాగుతోందో..."

చెప్పినకొద్దీ ఆ వాలుగ పెరుగుతోంది. గోవర్ధనరావు మాత్రం అది పడవంత అయ్యేదాకా ఓపిగ్గా విని, కలం తీశాడు. "వీరు అనుభవజ్ఞులు. తగు సానుభూతితో తిరస్కరించడమైనది."

అప్పలనరసయ్య ఒంటికాలి మీద లేచాడు. "అనుభవం ఉంటే తిరస్కరించడమేటి? నాకు ట్రౌటు పట్టడం రాదు కదా! దాని ముఖం కూడా చూడ్నేదు!"

"చేపలన్నీ చేపలే. ఒక చేప విషయంలో ఆర్జించిన అనుభవం సర్వ జాతులకూ వర్తించునని ఉపసంఘం తీర్మానం. ఇది ఆరంభకుల పథకం. ఆరంభకుల మధ్యకి అనుభవజ్ఞుడు వస్తే వారి ఆరంభకత్వానికి భంగం వాటిల్లుతుంది. తమరు కావాలంటే తోడుగా రావచ్చు, నీటికి దూరంగా."

తరవాత హైమవతి వంతు. ఆవిడ ఏనాడూ చేప పట్టలేదని విని గోవర్ధనరావు ముఖం విప్పారింది.

"పడుతుండగా వీక్షించారా? వీక్షణ కూడా పాక్షిక అనుభవమే. అందుకని అడగవలసి వస్తోంది."

అన్నలు ముడెలా వేసేవారో, ఎర ఎలా గుచ్చేవారో, చెప్పుల దగ్గర కూర్చుని ఆవిడ కళ్ళతో తాగినంత మరెవరూ తాగి ఉండరు. కానీ ఆ మాట చెబితే విహారం ఇక్కడే ముగిసిపోతుందని అర్థమైంది.

"లేదు బాబూ. నేను చెప్పులకి కాపలా ఉండేదాన్ని. అటు చూడలేదు" అంది.

"ఆదర్శప్రాయం" అన్నాడు గోవర్ధనరావు మనస్ఫూర్తిగా. "ఇక తమరు జీవితంలో చేప పట్టలేదని ఒక ధ్రువపత్రం తెస్తే సరిపోతుంది."

ఆ ధ్రువపత్రం కోసం మండలాఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడు వేరే కథ. అక్కడి గుమాస్తా చాలా న్యాయంగానే మాట్లాడాడు. "పట్టేనంటే ఆ చేప తెండమ్మా, చూసి రాసిచ్చేస్తాను. పట్టలేదంటే ఏం చూసి రాయమంటారు?" అన్నాడు. చివరికి పట్టలేదనడానికి దగ్గరి బంధువు సాక్ష్యం ఉంటే చాలన్నారు. అప్పలనరసయ్య, తానే చిన్నప్పుడు ఆమెకి గాలం ఇవ్వలేదని, అడిగినా ఇవ్వలేదని, ముగ్గురన్నలూ కలిసే ఇవ్వలేదని స్వదస్తూరీతో రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది. రాస్తున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు. గుమాస్తా అది చదివి, "బాగా గట్టి ఆధారమండి" అని మెచ్చుకున్నాడు.

*

విహారానికి ముందు శిక్షణ ఉంటుందన్నారు. శిక్షణ ఇవ్వడానికి మొదట చేపలశాఖలో తల నెరిసిన ఒకాయన్ని పిలిచారట. ఆయన మొదటి గంటలోనే గాలం ముడి నేర్పేస్తుండటం గమనించి డైరెక్టరు గారు హడలిపోయారు. ఇలా నేర్పుకుంటూ పోతే వాగు దగ్గరికి చేరేసరికి ఒక్క ఆరంభకుడూ మిగలడు. మిగలకపోతే పథకం ఎవరికి? అందుకని ఆయన్ని సన్మానించి పంపేసి, చేపని చూస్తేనే ఒళ్ళు జలదరించే గోవర్ధనరావుని శిక్షకుడిగా నియమించారు. సాలువా మాత్రం ఖరీదైనదే కప్పారు.

గోవర్ధనరావు శిక్షణ చాలా పకడ్బందీగా సాగింది. గాలాన్ని తెరమీద బొమ్మలో, అదీ దూరం నుంచి తీసిన బొమ్మలో చూపించాడు. చేపకి ఏది ముందో ఏది వెనకో చెప్పబోయి, అది ప్రత్యేక పరిజ్ఞానం కిందికి వస్తుందేమోనని అనుమానం వచ్చి మానుకున్నాడు. ఆఖర్న పరీక్ష పెట్టాడు. అందరికీ తలా ఒక తాడుముక్క ఇచ్చి, "తమకి తోచిన ముడి వేయండి" అన్నాడు.

హైమవతి పక్కన సుదర్శనమని బ్యాంకులో పనిచేసే కుర్రాడొకడు ఉత్సాహంగా తాడు రెండు చుట్లు తిప్పి, కొన లోపలికి దూర్చి బిగించాడు. చూడముచ్చటైన ముడి. గోవర్ధనరావు దాన్ని లాగి చూశాడు. అది ఊడలేదు. ఇంకా గట్టిగా లాగాడు. ఊడితే బాగుండునన్న ఆశ ఆయన కళ్ళలో స్పష్టంగా కనిపించింది.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడా లేదు సార్. నిన్న రాత్రి ఫోన్లో ఒక వీడియో చూశాను."

"తమరు ఉత్తీర్ణులయ్యారు" అన్నాడు గోవర్ధనరావు విచారంగా. "ఉత్తీర్ణులైనవారు ఆరంభకులు కాజాలరు. బయట టిఫిను ఉంది, తిని వెళ్ళండి."

సుదర్శనం టిఫినుకి వెళ్ళాడు. హైమవతి వేళ్ళు అప్పటికే, ఆవిడ ప్రమేయం లేకుండా, పెద్దన్నయ్య వేసే ముడి సగం వేసేశాయి. గబుక్కున విప్పేసి, మల్లెపూలు కట్టేటట్టు వదులుగా ఒక మెలిక తిప్పి వదిలేసింది. గోవర్ధనరావు తాకగానే అది ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది.

"అద్భుతం! మీకు నిజంగా ఏమీ రాదు" అన్నాడు. ఆ బ్యాచ్‌లో మొదటి స్థానం ఆవిడకే ఇచ్చారు. ఎక్స్చేంజిలో అంతకాలం పొరపాటు లేకుండా పనిచేసినా ఎవరూ అలా చప్పట్లు కొట్టలేదని హైమవతికి ఒకింత కష్టంగానే అనిపించింది.

*

ఇక చేప విషయం. ట్రౌట్‌కి చన్నీళ్ళు ఉంటేనే ప్రాణం నిలుస్తుంది. మన వాగు పేరు చలిగెడ్డే గాని, ఆ చలి మనుషులకి చలి. అందుకని ఉత్తరాది నుంచి తెప్పించిన చేపల్ని నీళ్ళ ట్యాంకులో వేసి, చుట్టూ ఐసు పెట్టి లారీలో కొండెక్కించాలని నిర్ణయించారు. ఐసుకి చేపల హార్బరులో కొదవలేదు. చిక్కల్లా లెక్కల విభాగం దగ్గర వచ్చింది. నిబంధన ప్రకారం చచ్చిన చేపకే ఐసు. బతికున్న చేపకి ఐసు మంజూరు చేసే పద్దు లేదు.

గోవర్ధనరావు బస్సులో హైమవతి పక్కన కూర్చుని ఇదంతా చెప్పాడు. ముందు సీట్లో అప్పలనరసయ్య ఇటు తిరిగి వింటున్నాడు.

"మరేం చేసేరు బాబూ?" అంది హైమవతి.

"ఏం చేస్తామండి, చేపలు మృతి చెందినట్టు ధ్రువీకరించాం. వెంటనే ఐసు విడుదలైంది."

"అవి బతికే ఉన్నాయా?"

"సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాయి. ఐతే రికార్డు ప్రకారం మృతి చెందాయి. ఇప్పుడింకో ఇబ్బంది. చచ్చిన చేపల్ని వాగులో వదిలితే నీటి కాలుష్య నేరం. కాబట్టి వదల్లేం."

"మరి మేం పట్టేదేటి?"

"డైరెక్టరు గారు దీనికొక మహత్తరమైన పరిష్కారం ఆలోచించారు" అన్నాడు గోవర్ధనరావు.

ఆ మహత్తరమైన పరిష్కారం చలిగెడ్డ దగ్గర బస్సు దిగగానే కనిపించింది. రోడ్డు పక్కన లారీ. లారీకి ఒక అద్దాల కిటికీ. కిటికీ ముందు బారికేడ్లు కట్టి వరస. వరస మొదట్లో 'ట్రౌట్ దర్శనం' అన్న బోర్డు. పోలీసులా చెయ్యి ఊపుతూ ఒక ఉద్యోగి, "కదలండమ్మా, కదలండి, వెనక జనం ఉన్నారు" అంటున్నాడు. హైమవతి వంతు వచ్చేసరికి, పొగలు కక్కుతున్న ఐసు మధ్య మచ్చల మచ్చల చేప ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ ఆవిడ వైపే చూసింది. మరణించిన చేపకి అంత చూపు ఉండటం ఆవిడకి నచ్చింది. రెండు చేతులూ జోడించబోయి తమాయించుకుంది. వెనకామె జోడించేసింది.

దర్శనం అయ్యాక విరూపాక్షం గారు శామియానా కింద నిలబడి మాట్లాడారు. "సోదర సోదరీమణులారా! వేట అనగా చంపుట అని సంకుచిత దృష్టి గలవారు భావిస్తారు. మన వేటలో చేపకి భయం లేదు, వేటగాడికి ప్రమాదం లేదు, నీటికి కదలిక లేదు. గాలపు ములుకు గుచ్చుకుని ఆరంభకులకు హాని కలిగే అవకాశం ఉన్నందున సదరు ములుకుల్ని పూర్తిగా తొలగించాం. వాగు లోతు చీలమండ దాటకుండా ఎగువన ఇసుకబస్తాలు వేయించాం. ఇది దేశంలోనే కాదు, నాకు తెలిసి చేపలు పట్టే చరిత్రలోనే అత్యంత సురక్షితమైన వేట!"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగారు. ములుకు లేని తాళ్ళు కట్టిన వెదురు కర్రలు చేతికిచ్చి, చీలమండల్లోతు నీళ్ళలో వరసగా దింపారు. హైమవతి కూడా చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చెప్పులు విప్పి, ఒక కాలు ముందుకి వేసింది. ములుకు లేకపోతే లేకపోయింది, నీళ్ళలో తాడైనా వేస్తానన్న ఆశతో ఉంది ఆవిడ.

"మేడం, మేడం!" అని గోవర్ధనరావు పరిగెత్తుకొచ్చాడు. "తమరు సీనియర్ సిటిజన్ల కేటగిరీలోకి వస్తారు. సదరు కేటగిరీకి తడి నిషేధం."

"తడి నిషేధమా?"

"జారిపడతారు కదండీ. చింతించనక్కర్లేదు. తమవంటి ఆదర్శ ఆరంభకులకి మేము గౌరవప్రదమైన బాధ్యత కేటాయించాం. ఇక్కడ కోతుల బెడద ఎక్కువ. అందరి పాదరక్షల పరిరక్షణ తమరిదే." అని ఒడ్డున వరసగా విప్పి ఉన్న చెప్పుల మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఆవిడ కొంగుకి ఒక బ్యాడ్జీ పెట్టి వెళ్ళాడు. బ్యాడ్జీ మీద 'పాదరక్షల అధికారిణి' అని ఉంది.

హైమవతి కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక కూర్చుంది. ఎదురుగా నీళ్ళు, నీళ్ళలో జనం, తన చుట్టూ చెప్పులు. రబ్బరువి, తోలువి, మడమ అరిగినవి. ఇంత దూరం బస్సెక్కి, ఇన్ని అబద్ధాలాడి, మళ్ళీ నాగావళి ఒడ్డునే వచ్చి కూర్చున్నట్టయింది. జారిపడతావన్న మాట కూడా అదే. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ వయసులో ఒక చేప కోసం ఏడవడమేమిటని తనమీద తనకే కోపం వచ్చింది. కోపం వచ్చినా ఏడుపు ఆగలేదు.

అప్పలనరసయ్య అంతదూరంలో తాడు కట్టిన 'అనుభవజ్ఞుల ఆవరణ'లో ఉన్నాడు. ఆ ఆవరణలో ఆయన ఒక్కడే. అనుభవజ్ఞులు నీళ్ళని చూస్తే సలహాలు అరుస్తారన్న ముందుచూపుతో ఆయన కుర్చీని కొండవైపు తిప్పి వేశారు. ఆయన చాలాసేపు కొండని చూశాడు. కొండ ఎంతకీ కదలకపోవడంతో విసుగొచ్చి, మెడ ఒకసారి వెనక్కి తిప్పాడు.

చెప్పుల మధ్య చెల్లెలు. మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, చిన్నప్పుడు కూర్చున్నట్టే. అప్పుడెప్పుడూ ఆయన నీళ్ళలోంచి వెనక్కి తిరిగి చూడలేదు. ఇలా ఉండేదని ఇప్పుడే తెలిసింది.

ఆయన తాడు కిందనుంచి దూరి వచ్చాడు. "లెగు" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఏట్లోకి. చెప్పులు నేను చూస్తాను."

"నీకు అనుభవం ఉంది కదా, ఊరుకోరు."

"చేపలు పట్టడంలో ఉంది గాని, చెప్పులు చూడ్డంలో నాకేటి అనుభవం? ఎప్పుడేనా చూశానా?" అన్నాడు అప్పలనరసయ్య. "రేపిస్తానన్నాను కదే నీకు. లెగు."

హైమవతి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఆయన లుంగీ సర్దుకుని ఆ కుర్చీలో కూర్చున్నాడు. బ్యాడ్జీ కూడా తన చొక్కాకి పెట్టించుకున్నాడు. అంతలోనే ఉండబట్టలేక, "ములుకు నేదు కదా, ఎలాగ మరి? బస్సులో నా జేబులు తడిమి ఉన్న ములుకులు కూడా లాగేసుకున్నారు. ఇదిగో, తాడు వేసినాక అది కొరికిందని గబుక్కున లాగీకు, కొంచెం..." అని మొదలెట్టాడు.

"చెప్పకన్నయ్యా! చెబితే నా ఆరంభకత్వం పోతుంది" అంది హైమవతి. అని చేతి గాజులకి తగిలించిన పిన్నీసు ఒకటి తీసి, పళ్ళతో వంచింది. అన్నగారు నోటిమీద వేలేసుకున్నాడు.

ఒడ్డున మిగిలిపోయిన వెదురు కర్ర ఒకటి తీసుకుని ఆవిడ వాగు వెంట పైకి నడిచింది. అధికారులందరూ శామియానాలో భోజనాల ఏర్పాటు చూస్తున్నారు. ఇసుకబస్తాలు దాటి, పొదలు దాటి మలుపు తిరిగేసరికి అసలు వాగు కనిపించింది. బండల మధ్యనుంచి తెల్లగా దూకి, కింద నల్లటి మడుగై ఆగి, మళ్ళీ పారుతోంది. సంస్థవారి అనుమతి లేకుండానే పారుతోంది. హైమవతి పిన్నీసుని తాడుకి కట్టింది. ఈసారి వేళ్ళని ఆపలేదు. పెద్దన్నయ్య ముడి గట్టిగా పడింది. పొద్దున్న బస్సులో పొట్లంలో ఇచ్చిన చపాతీ తుంచి, నలిపి, ఉండచేసి గుచ్చింది. మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగింది. చీర బరువెక్కింది. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే మొదట ఊపిరాడలేదు. తాడు వేసింది.

మొదట ఏమీ లేదు. తరవాత చపాతీ లేదు. మళ్ళీ ఉండ గుచ్చి వేసింది. మళ్ళీ పోయింది. ఆవిడకి నవ్వొచ్చింది. ఆ తరవాతిసారి తాడు ఒక్కసారి బిగిసింది. చేతిలో, మణికట్టులో, మోచేతి దాకా టక్‌మని ఒక లాగు. అటునుంచి ఎవరో పిలిచినట్టుంది. ఎక్స్చేంజిలో బోర్డు ముందు కూర్చుని ఎవరెవరికో వచ్చిన పిలుపులు ఎవరెవరికో కలుపుతూ ఒక జీవితం గడిపేసింది హైమవతి. ఇది మాత్రం తనకే వచ్చింది. ఆవిడ గట్టిగా "ఉన్నాను, ఉన్నాను" అనేసింది, ఎవరూ వినలేదు కాబట్టి సరిపోయింది.

అరచేతిలో సగం లేని చేప. ట్రౌట్ కాదు, పేరేమిటో తెలియదు. వెండిలా తళుక్కుమంటూ అరచేతిలో గిలగిల కొట్టుకుంది. ఆవిడ దాన్ని తనివితీరా చూసి, పిన్నీసు మెల్లగా తప్పించి, నీళ్ళలో వదిలేసింది. అది వెనక్కి చూడకుండా పోయింది. హైమవతి పిన్నీసు తిన్నగా చేసి మళ్ళీ గాజులకి తగిలించుకుంది.

*

సాయంత్రం బస్సెక్కే ముందు విరూపాక్షం గారు స్వయంగా అభిప్రాయ సేకరణ జరిపారు. ఒక్కొక్కర్నే పిలిచి, "చేప పట్టారా?" అని అడిగారు. పట్టలేదన్న ప్రతి జవాబుకీ ఆయన ముఖం వెలిగింది. హైమవతి దగ్గరికి వచ్చేసరికి గోవర్ధనరావు ఆవిడ చీర అంచు తడిసి ఉండటం గమనించాడు. మణికట్టు మీద చిన్న పొలుసు ఒకటి మెరుస్తోంది.

"మేడం, ఇదేమిటి?"

"చమ్కీ బాబూ. చీరలోది రాలింది."

"చేప పట్టారా?" అన్నారు డైరెక్టరు గారు.

పట్టానని చెప్పాలని ఆవిడకి ఎంత ఉందో! లోకమంతా వినేలా చెప్పాలని ఉంది. కానీ పట్టినవాళ్ళని మళ్ళీ రానివ్వరు. "లేదండి, ఏదీ, నాకేం వచ్చు" అంది.

"సంపూర్ణ విజయం!" అన్నారు విరూపాక్షం గారు. "ఎంతమంది ఆరంభకుల్ని తీసుకొచ్చామో అంతమంది ఆరంభకుల్నీ ఏ మాత్రం నష్టం లేకుండా వెనక్కి తీసుకెళ్తున్నాం." పథకాన్ని మరుసటి ఏడాదికి పొడిగించారు. ట్రౌట్ చేపల్ని పదవీ విరమణ చేసిన అధికారుల్లా సగౌరవంగా అదే లారీలో వెనక్కి పంపేశారు. అవి రికార్డుల్లో ఇప్పటికీ చచ్చే ఉన్నాయి.

బస్సు ఘాట్ రోడ్డు దిగాక, అప్పలనరసయ్య ఎవరికీ వినబడకుండా, "ఎలాగ లాగిందే?" అని అడిగాడు. హైమవతి చెప్పింది. ఊరు వచ్చేదాకా చెబుతూనే ఉంది. వినేకొద్దీ ఆ చేప పెరుగుతున్నట్టు ఆయనకి అనుమానం వచ్చింది గాని, మధ్యలో ఒక్కమాటైనా అడ్డుచెప్పలేదు.

రెండో విడత ప్రకటన పడిన రోజునే ఇద్దరూ మళ్ళీ సంస్థ ఆఫీసుకి వెళ్ళారు. ధ్రువపత్రం పాతదైపోయింది కాబట్టి ఈమధ్య కాలంలో కూడా ఆవిడ చేప పట్టలేదని కొత్తగా సాక్ష్యం కావాలన్నాడు గోవర్ధనరావు. అప్పలనరసయ్య జేబులోంచి కలం తీసి సంతకం పెట్టేశాడు.

గోవర్ధనరావు కలం బల్లమీద పెట్టి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పోయినసారి విహారంలో తమరు కూడా అక్కడే ఉన్నారు కదా. తమ సోదరి ఆ రోజు చేప పట్టలేదని తమరెలా చెప్పగలరు?"

"నేను చెప్పులకి కాపలా ఉన్నాను బాబూ," అన్నాడు అప్పలనరసయ్య. "అటు చూడ్నేదు."